తువ్వాల కొసన మన్ను

మా ఇంట్లో వానను వెతకడానికి మనిషిని పంపేవారు. తాడు తెంచుకుని పోయిన దూడ కోసం పంపినట్టే, పొద్దున్నే రెండు రొట్టెలు కట్టిచ్చి, "పో, ఎక్కడ పడ్డదో చూసి రా" అనేవారు. ఎనభైల మొదట్లో నారాయణఖేడ్‌లో ఇదేమీ వింత కాదు. మా వీధిలోనే నాలుగైదు ఇళ్ళవాళ్ళు ఈ పని చేసేవారు. వాన పడితే ఇంట్లో కూర్చున్నా తెలుస్తుంది కదా అని ఇప్పుడు ఎవరైనా అడుగుతారు. వాళ్ళకు మా వాన సంగతి తెలియదు. మా వైపు వాన ఎద్దుకు ఒక కొమ్ము తడిపి, రెండో కొమ్మును వచ్చే కార్తెకు వాయిదా వేస్తుంది.

దీనికి తోడు మా తాత చాలా తెలివైనవాడు. అన్నదమ్ములు భూములు పంచుకునేటప్పుడు మిగతా ఇద్దరూ ఒకే చోట ఒకే ముక్క తీసుకుంటే, ఆయన మాత్రం మూడు దిక్కులా మూడు ముక్కలు అడిగి తీసుకున్నాడు. కంగ్టి దారిలో ఒకటి, నాగల్‌గిద్ద దగ్గర ఒకటి, బోరంచ వైపు ఒకటి. ఒక చోట వాన పడకపోతే ఇంకో చోట పడుతుందని ఆయన ఆలోచన. ఆలోచన మంచిదే. మూడు చోట్లా పడకుండా పోయే వీలు కూడా ఉందని మాత్రం ఆయనకు తట్టలేదు. తట్టేలోపే పోయాడు. ఆ తెలివి ఫలాన్ని అనుభవించడానికి మా నాన్నను, మా నాన్న తర్వాత నన్ను మిగిల్చాడు. నాన్నను మేము బాపు అని పిలుస్తాం.

నన్ను వాన కోసం పంపిన ఏడుకు ముందు వరుసగా రెండేళ్ళు పంట పోయింది. ఇంట్లో మిగిలినవి రెండు కుండలు. ఒకదానిలో విత్తనం జొన్నలు, ఇంకోదానిలో విత్తనం కందులు. అమ్మ వాటికి బూడిద కలిపి, వేపాకు వేసి, మూతులకు పేడ అలికి అటక మీద పెట్టింది. ఎండాకాలమంతా ఇంట్లో పప్పు లేకపోయినా ఆ కుండలు కిందికి దిగలేదు. ఒకసారి నేను, "ఒక్క సోలెడు తీస్తే ఏమైతదే?" అన్నాను. అమ్మ నా వైపు చూసిన చూపుకు వారం రోజులు పప్పు అనే మాటే ఎత్తలేదు. ఒక జత ఎడ్లు, విత్తే గొర్రు ఒకటి, రెండు కుండల గింజలు. అంటే ఒక చేనుకే సరిపోతాయి, ఒకసారే విత్తగలం. భూమిలో పదును, అంటే మొలకకు చాలినంత తడి, ఉన్న చోట విత్తితే ఏడాది తిండి. లేని చోట విత్తితే చీమలకు పెళ్ళి భోజనం.

ఏ చేను విత్తాలో తేల్చడానికి మా బాపుకు ఒక పద్ధతి ఉండేది. మృగశిర కార్తెలో ఉరిమిన మర్నాడు సైకిలు మీద మూడు చేన్లకూ పోయేవాడు. ఒక్కో చేను నడుమ కుర్పితో జానెడు లోతు తవ్వి, అడుగు మన్ను తీసి తువ్వాల కొసన కట్టుకునేవాడు. కంగ్టి మన్నుకు ఒక ముడి, నాగల్‌గిద్ద మన్నుకు రెండు ముళ్ళు, బోరంచ మన్నుకు మూడు ముళ్ళు. నాలుగో కొస ముఖం తుడుచుకోవడానికి. ఇంటికొచ్చి మంచం మీద కూర్చుని ఒక్కో ముడీ విప్పి, మన్ను పిడికిట పట్టి ముద్ద చేసేవాడు. ముద్దను నడుమెత్తు నుంచి వదిలితే పగలాలి. పగలకపోతే తడి ఎక్కువ, ఒక రోజు ఆగాలి. అసలు ముద్దే కాకపోతే ఆ చేనుకు ఆ ఏడు నమస్కారం. చేను దగ్గరే ఈ పని చేయవచ్చు కదా అని నేను అడిగాను. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప ఏది మేలో తెలియదట. పెళ్ళిచూపుల్లో కూడా మా బాపు ఇంత జాగ్రత్త పడలేదని అమ్మ అనేది.

ఆ ఎండాకాలం చివర ఎద్దు తన్ని బాపు మోకాలు గుమ్మడికాయంత వాచింది. మంచం దిగితే గోడ, గోడ వదిలితే మంచం. అట్లా వానను వెతికే ఉద్యోగం నాకు వచ్చింది. ఆ ఉద్యోగానికి నాకున్న అర్హత ఇంటర్ రెండుసార్లు తప్పడం. అయితే తప్పిన సబ్జెక్టుల్లో భూగోళం లేదు. నైరుతి ఋతుపవనాలు ఎక్కడ పుట్టి, ఎటు తిరిగి, ఏ కొండను గుద్దుకుని కురుస్తాయో బాణం గుర్తులతో సహా వేయగలను. ఆ బాణాల్లో ఒక్కటీ మా చేను మీదుగా పోయేది కాదు, అది వేరే సంగతి. ఇంట్లో రేడియో కూడా ఉండేది. రాష్ట్రంలో కొన్ని చోట్ల ఓ మోస్తరు వర్షాలు పడతాయని ప్రతి సాయంత్రం చెప్పేది. ఆ మాట ఎప్పుడూ తప్పలేదు. ఆ కొన్ని చోట్లు ఎప్పుడూ వేరేవాళ్ళవి, అంతే.

మృగశిర వచ్చాక ఒక రాత్రి మూడు దిక్కులా మెరిసింది. మా ఊళ్ళో దుమ్ము లేచి, నాలుగు చినుకులు రాలి, మానేసింది. తెల్లారేసరికి బాపు మంచం మీద కూర్చుని నా కోసం చూస్తున్నాడు. చేతిలో తువ్వాల, కుర్పి.

"మూడు చేన్లు చూసి రావాలె. గట్టు మీద నిలవడి చూసొస్తే కాళ్ళిరగ్గొడ్త. నడుమకు పోవాలె, జానెడు తవ్వాలె, అడుగు మన్ను తియ్యాలె. సమజైందా?"

"అయింది."

"ఏమైంది?"

"జానెడు తవ్వాలె."

"యాడ?"

"నడుమ."

"ఆఁ. గీ తీర్గ చదివితే ఇంటర్ పాసయ్యేటోనివి."

అమ్మ జొన్నరొట్టెల్లో పచ్చిమిరపకాయ తొక్కు పెట్టి సంచిలో వేసింది. వేస్తూ అటక వైపు ఒకసారి చూసింది. నేను సైకిలెక్కాను.

పొద్దున పూట పని చాలా సులువుగా కనిపించింది. కంగ్టి దిక్కున ఆకాశంలో నల్లటి మబ్బు ఒకటి ఉంది. దాని కింద బూడిదరంగు తెరలాగా వాన దిగుతోంది. మాది చెట్టూ గుట్టా పెద్దగా అడ్డం లేని నేల. పది పన్నెండు మైళ్ళ అవతల పడే వాన కూడా ఇంటి ముందు పడుతున్నట్టే కనిపిస్తుంది. అటే తొక్కాను. నేను తొక్కుతున్న కొద్దీ మబ్బు కూడా నడిచింది. నేను ఆగి నీళ్ళు తాగితే అదీ ఆగింది. ఇట్లా ఇద్దరం రెండు గంటలు మర్యాదగా ప్రయాణం చేశాం. కంగ్టికి ముందున్న హోటల్ దగ్గరికి నేను చేరేసరికి అది పడమటికి తిరిగి పోయింది.

హోటలంటే నాలుగు కట్టెల మీద తడకలు. చాయ్ కాసే మనిషి నా చేతిలో కుర్పి చూసి సంగతి గ్రహించాడు.

"వాన కొరకా? ఇప్పుడే పోయింది. చాయ్ తాగి పోతదనుకున్న. తాగలే."

"యాడిదాంక పడ్డది?"

"గా తుమ్మచెట్టు దాంక. మంచిగ పడ్డది."

మా చేను తుమ్మచెట్టుకు ఇవతల మొదలవుతుంది. చెట్టు అవతలి చేనులో నీళ్ళు నిలిచి మెరుస్తున్నాయి. మా చేనులో అడుగు పెడితే దుమ్ము చీలమండల దాకా లేచింది. మా తాత హద్దురాళ్ళు ఎక్కడ పాతాడో వానకు కూడా తెలిసినట్టుంది. అయినా ఆజ్ఞ ప్రకారం నడుమకు పోయాను. జానెడు తవ్వాను. ఇంకో జానెడు కూడా తవ్వాను. పొడి మన్ను తీసి తువ్వాల కొసన పోసి ఒక ముడి వేశాను. ఇంత నిజాయితీగా నేను పరీక్ష కూడా ఎప్పుడూ రాయలేదు.

కంగ్టి నుంచి నాగల్‌గిద్దకు వెనక్కి తిరిగి రోడ్డున పోతే చుట్టు. బండ్ల బాటన పోతే దగ్గర. భూగోళం చదివినవాణ్ణి కాబట్టి దగ్గరి దారే పట్టాను. మూడు మైళ్ళు బాగానే సాగింది. ఆ తర్వాత, ముందు రాత్రి వాన పడిన నేల వచ్చింది. నల్లరేగడి తడిస్తే ఎట్లా ఉంటుందో తొక్కినవాడికే తెలుసు. టైరుకు పట్టింది, టైరుకూ మడ్‌గార్డుకూ నడుమ కూరుకుంది, చక్రం తిరగడం మానేసింది. పుల్లతో గీకాను. పది గజాలు పోయాను. మళ్ళీ గీకాను. చివరికి సైకిలును భుజాన వేసుకుని నడిచాను. చెప్పులు ఒక్కోటి రెండు శేర్ల బరువయ్యాయి. వాటిని తీసి సైకిల్ హ్యాండిల్‌కు తగిలించాను. అంటే సైకిలూ చెప్పులూ నా మీద ఎక్కాయి, నేను ఉత్త కాళ్ళతో వాటిని మోశాను. ఎదురుగా బండి మీద వస్తున్న ఒక మనిషి నన్ను చూసి ఎద్దులను కొంచెం పక్కకు తోలి దారి ఇచ్చాడు. నవ్వి ఉంటే బాగుండేది.

కానీ ఒక్క సంగతి చెప్పాలి. ఆ బురదలో నడుస్తుంటే నాకు సంతోషం వేసింది. రేగడి తడిసిన వాసన వచ్చింది. రెండేళ్ళ తర్వాత ఆ వాసన. కాళ్ళు జారుతున్నా నవ్వుకుంటూ నడిచాను.

నాగల్‌గిద్ద చేను పక్కన ఒక ముసలామె చేను ఉంది. ఆమె మాట్లాడేది సగం కన్నడం, సగం తెలుగు. గట్టు మీద కూర్చుని తంబాకు నములుతోంది. నన్నూ నా భుజం మీది సైకిలునూ చూసి ముందు బాగా నవ్వింది.

"మళె బంతప్పా! రాత్రి బంతు, హోయ్తు," అంది. వాన వచ్చింది, రాత్రి వచ్చి పోయింది అని.

"మా చేన్ల కూడ పడ్డదా?"

"నీ చేనుకు ఏం పాపం? పో, చూడు."

చేను నడుమకు పోయి కుర్పి దించాను. నల్లగా, మెత్తగా, చల్లగా దిగింది. జానెడు దాకా తడి. ఇంకో రెండు వేళ్ళు కూడా. పిడికిట పట్టి ముద్ద చేసి వదిలాను. పగిలింది. మళ్ళీ చేసి వదిలాను. మళ్ళీ పగిలింది. ఐదారుసార్లు అట్లా ఆడుకున్నానేమో. ముసలామె గట్టు మీద నుంచి, "లడ్డూలు చేస్తున్నవా?" అని అరిచింది. మన్ను కట్టుకుని రెండు ముళ్ళు వేశాను. ఆమె పిలిచి చెంబెడు మజ్జిగ ఇచ్చింది.

"ఎల్లుండి దాంక పదునుంటది. గాలి లేసిందంటే రేపటి దాంకనే. మీ నాయనకు జెల్ది చెప్పు," అంది.

అప్పటికి మధ్యాహ్నం దాటింది. ఇక మిగిలింది బోరంచ. రొట్టెలు తిని, చక్రాలు కడిగి, రోడ్డెక్కాను. నారాయణఖేడ్ దారీ బోరంచ దారీ చీలే చోట నేల కొంచెం ఎత్తుగా ఉంటుంది. అక్కడ ఆగి చూశాను. పొద్దున నన్ను వదిలి పోయిన మబ్బో, దాని చుట్టమో, బోరంచ దిక్కున నిలబడి కురుస్తోంది. నల్లటి తెర నేల దాకా దిగింది. మధ్యలో మెరుస్తోంది కూడా. అంత స్పష్టంగా నా హాల్ టికెట్ మీద నా పేరు కూడా కనిపించలేదు.

తొడలు లాగుతున్నాయి. భుజం ఒరుసుకుపోయింది. బోరంచ చేనుకు పోయి రావడమంటే ఇంకో మూడు గంటలు. కళ్ళకు కనిపిస్తున్న వానకు కాళ్ళ సాక్ష్యం ఎందుకు అనుకున్నాను. పోయినా తవ్వేది తడి నేలే కదా, తెచ్చేది తడి మన్నే కదా. ఆ తడి మన్ను ఇక్కడ రోడ్డు పక్కన కూడా ఉంది కదా. చదువుకున్నవాడికి ఇట్లాంటి విషయాల్లో తర్కం ఎప్పుడూ తోడుంటుంది. రోడ్డు వార కాలువలో నల్లగా ఉన్న చోటు చూసి పిడికెడు మన్ను తీశాను. తువ్వాల మూడో కొసన కట్టి శ్రద్ధగా మూడు ముళ్ళు వేశాను. మిగతా రెండింటికంటే ఇదే గట్టిగా పడింది.

నేను ఇంటి దారి పట్టిన అరగంటకు మబ్బు నా వెనకే వచ్చింది. పొద్దున్నించి దాని వెంట పడితే దొరకలేదు. వద్దనుకుని పోతుంటే వెంటపడింది. ముందు గాలి వచ్చి సైకిలును పక్కకు తోసింది. తర్వాత రేగుపండంత చినుకులు. కనుచూపు మేరలో ఇల్లు లేదు, చెట్టు లేదు, ఆ బయలు మొత్తానికి ఎత్తైనది నేనూ నా ఇనుప సైకిలూ. నా నెత్తి మీదే ఉరిమింది. సైకిలును దూరంగా పడేసి కాలువలో గొంతుక్కూర్చున్నాను. పిడుగు పడకుండా చదవాల్సిన పేర్లలో రెండు గుర్తొచ్చాయి. మిగతావి ఇంటర్ పాఠాల్లాగే రాలేదు. ఆ రెండింటినే తిప్పి తిప్పి చదివాను. తువ్వాలను నెత్తి మీద కప్పుకుని, కొసలను గదవ కింద పట్టుకుని చదివాను.

వాన వెలిసి నేను ఇల్లు చేరేసరికి పొద్దు గూకుతోంది. బాపు వాకిట్లో మంచం మీద ఉన్నాడు. అమ్మ పక్కన నిలబడి ఉంది. తువ్వాల బాపు చేతికిచ్చాను. ఆయన ఒక ముడి విప్పాడు. బురద. రెండు ముళ్ళు విప్పాడు. బురద. మూడు ముళ్ళు విప్పాడు. అదీ బురదే.

"గిదేందిరా? మన్ను తెమ్మంటే బురద తెచ్చినవ్."

"తోవల వాన కొట్టింది బాపు."

"తువ్వాల యాడున్నది అప్పుడు?"

"నెత్తి మీద."

"నెత్తి మీద!" బాపు అమ్మ వైపు తిరిగాడు. "ఇనవడ్డదా? మూడు చేన్ల మన్ను తెచ్చి నెత్తికి కప్పుకున్నడు. నెత్తి నానకుండ. గా నెత్తిల ఏమున్నదని?"

అమ్మ నవ్వాపుకోలేకపోయింది. ఎన్ని నెలలకో మా ఇంట్లో నవ్వు వినిపించింది. దానికి కారణమైనందుకు నాకు కొంచెం గర్వం కూడా కలిగింది. బాపు చేతులు దులుపుకున్నాడు.

"ఇగ మన్ను ఏం చెప్పది. నువ్వే నోటితోని చెప్పు. కంగ్టి?"

"సుక్క లేదు."

"నాగల్‌గిద్ద?"

"జానెడు. రెండు వేళ్ళు ఎక్కువనే."

"బోరంచ?"

ఇక్కడ నేను నిజం చెప్పి ఉండవచ్చు. రెండు తిట్లు పడేవి, పొద్దున్నే ఎడ్లు నాగల్‌గిద్దకు కదిలేవి. కానీ అమ్మ ముఖంలో నవ్వు ఇంకా పోలేదు. పైగా నా కళ్ళతో చూశాను కదా.

"జానెడు," అన్నాను.

"నడుమకు పోయి తవ్వినవా?"

"తవ్విన."

బాపు మూడో కొసలోని బురదను వేళ్ళ మధ్య కొంచెంసేపు రుద్దాడు. తర్వాత దులిపేసి, "నల్లపోచమ్మ తల్లి చూసింది. బోరంచనే ఇత్తుదాం," అన్నాడు. మూడు చేన్లలో బోరంచదే మేలైన నేల, లోతు రేగడి. ఒకసారి కడుపునిండా తాగిందంటే నెల దాకా నీళ్ళడగదు. తడి దొరికిందంటే అది విడిచిపెట్టి ఇంకో చేను విత్తేవాడు మూర్ఖుడు. అమ్మ నిచ్చెన వేసుకుని కుండలు దించింది. పేడ మూత పగలగొట్టి, గింజలను చాటలో పోసి బూడిద చెరిగింది. ఒక్క పురుగు లేదు. ఆ గింజలను ఆమె అరచేత్తో ఇటూ అటూ నెడుతూ చాలాసేపు చూసుకుంది. నేను కడుపునొప్పి అని చెప్పి పడుకున్నాను. అది మాత్రం అబద్ధం కాదు.

తెల్లవారకముందే బండి కట్టాం. గొర్రు, విత్తనాల సంచులు బండిలో. బాపు కాలు చాపుకుని సంచుల పక్కన కూర్చున్నాడు. మంచం దిగొద్దని అమ్మ ఎంత చెప్పినా వినలేదు. మొదటి విత్తనం తన చేత్తోనే పడాలట. దారి పొడవునా హుషారుగా ఉన్నాడు. ఎడ్లతో మాట్లాడాడు, ఎదురొచ్చిన ప్రతివాడికీ, "బోరంచ పోతున్నం, జానెడు పదునట!" అని చెప్పాడు. ఆ "అట" నాది. నేను ఎడ్ల తోకలు చూస్తూ తోలాను. బోరంచ దారి చీలిక వచ్చింది. చెప్పాలనుకున్నాను. చీలిక దాటింది. తర్వాత చెబుదామనుకున్నాను. ఎంత తర్వాతో అనుకోలేదు.

చేను చేరేసరికి ఎండ ఎక్కింది. పైన నేలంతా చినుకుల గుంటలు. అమ్మవారు పోసి తగ్గిన ముఖంలా ఉంది. అంతే. ముందు రోజు నేను చూసిన వాన మా చేను దాటి, ఏటి అవతల పడింది. ఇక్కడికి దాని తుంపర వచ్చి పోయింది. బాపు బండిలోంచే అన్నాడు.

"పైన ఆరినట్టున్నది. దిగి తవ్వు. అడుగున ఉంటది."

తవ్వాను. జానెడు, మూరెడు. పక్కకు జరిగి మళ్ళీ తవ్వాను. ఆ చేనులో ఆ ఉదయం నేను తవ్వినట్టు బావులు తవ్వేవాళ్ళు కూడా తవ్వి ఉండరు. కుర్పి కొట్టిన ప్రతిచోటా వేడి దుమ్ము లేచింది. ఇక తవ్వడానికి చోటు లేక నిలబడ్డాను.

"బాపు, నిన్న నేను ఈడికి రాలే."

బాపు తిడతాడని, కుర్పి విసురుతాడని తల వంచుకుని నిలబడ్డాను. విసిరితే తప్పుకోకూడదని కూడా అనుకున్నాను.

"ఎరుకే," అన్నాడు.

నేను తలెత్తాను.

"మూడు ముళ్ళ మన్ను విప్పంగనే చేతికి రోడ్డుకు పోసే మొరం రాళ్ళు తాకినయ్. మన బోరంచ చేన్ల మొరం యాడిది? చేతికి ఎరుకైంది. గని నువ్వు తవ్విన అంటివి. నా చెయ్యే తప్పు చెప్పిందనుకున్న."

నలభై ఏళ్ళుగా ఆ చేయి మన్ను పట్టి ఒక్కసారీ తప్పు చెప్పలేదు. ఇంటర్ రెండుసార్లు తప్పినవాడి నోటిమాట కోసం ఆయన దాన్ని తప్పనుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఎద్దుల మధ్యకు పోయి ఏడ్చాను. "ఇగ చాలు. నాగల్‌గిద్దకు తోలు," అన్నాడు బాపు.

ఆ రోజంతా బండి నడిచింది. పొద్దున్నించే గాలి లేచింది. పొడిగా, వేడిగా, ఆగకుండా వీచింది. ఎడ్లు అలిసిపోయి దారిలో రెండుసార్లు విప్పాల్సి వచ్చింది. మేము నాగల్‌గిద్ద చేరేసరికి పక్క చేను విత్తడం అయిపోయింది. ముసలామె మమ్మల్ని చూసి ఏదో అనబోయి, బాపు ముఖం చూసి మానేసింది. మర్నాడు పొద్దున కుర్పి దించితే తడి నాలుగు వేళ్ళ కింద మొదలైంది. గొర్రు అంత లోతు పోదు. అయినా విత్తాం. బాపు ఒంటికాలి మీద కుంటుతూ మొదటి సాలు పట్టాడు. మిగతా సాళ్ళన్నీ నేను పట్టాను. ఆ తర్వాత ఇరవై రోజులు ఆకాశం తుడిచిన పలకలా ఉంది. ముసలామె చేను పచ్చగా లేచింది. మాది అక్కడక్కడా లేచింది. మధ్యలో ఖాళీలకు చీమలు దారులు వేసుకున్నాయి.

కోతలైనాక వచ్చిన గింజల్లో అమ్మ ముందుగా రెండు విత్తనం కుండలు నింపింది. బూడిద, వేపాకు, పేడ. అటక మీద పెట్టి దిగింది. మిగిలిన జొన్నలను ఒకసారి చూసి, చిన్న చాట తెచ్చుకుంది. ఆ ఇంట్లో ఎవరూ బోరంచ మాట ఎత్తలేదు. చుట్టాలు అడిగితే కాలం బాగాలేదని బాపు చెప్పేవాడు. పక్కింటివాళ్ళు అడిగితే తన మోకాలిదే తప్పనేవాడు. ఒక్కసారి నలుగురిలో నన్ను తిట్టి ఉంటే ఎంత హాయిగా ఉండేదో. తిట్టలేదు.

ఆ చలికాలం మా అమ్మకు ఆకలి వేయడం మానేసింది. రాత్రి రొట్టెలు చేసి మా ఇద్దరికీ పెట్టి, "నాకు ఆకలైతలే, మీరు తినుండ్రి," అనేది. బాపు తన రొట్టెను రెండుగా తుంచి సగం ఆమె కంచంలో వేసేవాడు. ఆయన అటు తిరగగానే ఆమె దాన్ని తీసి నా కంచంలో వేసేది. వద్దనాలని ప్రతి రాత్రీ అనుకునేవాణ్ణి. నాకు ఇరవై ఏళ్ళు, పగలంతా కూలి పని, విపరీతమైన ఆకలి. తినేవాణ్ణి.